మా ఇంగ్లీషు క్లాసులో అమ్మమ్మ

సిమిలీ అంటే ఏమిటో మా క్లాసు మొత్తానికి మా అమ్మమ్మ ఎడమ చేతితో బోధపడింది. 'ఆమె చెయ్యి ఎండుకొమ్మలా ఉంది' అని సార్ ఇంగ్లీషులో బోర్డు మీద రాశారు. పోలిక చెప్పే మాట ఉంటే సిమిలీ, ఆ మాట పీకేసి చెయ్యే ఎండుకొమ్మ అనేస్తే మెటఫర్ అన్నారు. అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. ఆ సార్ మా నాన్న. ఆ చెయ్యి ముందురోజు సాయంత్రం నేను తడిబట్టతో తుడిచిన చెయ్యి.

నేను పదో తరగతి చదువుతున్న ఏడాది వానాకాలం అది. అమ్మమ్మకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మావయ్య కాపురం మూడో అంతస్తులో. మా ఇంటికి మెట్లు లేవు కదా అని అమ్మ వెళ్ళి ఆవిణ్ణి తెచ్చుకుని వెనకగదిలో పడుకోబెట్టుకుంది. ముందుగదిలో అమ్మ కుట్టుమిషను ఉండేది. మా బడి పిల్లల యూనిఫారాలు సగం అమ్మే కుట్టేది. మధ్యగది నాన్నది, ఆయన పుస్తకాలది. ముందుగదికీ వెనకగదికీ మధ్య ఎవరు తిరగాలన్నా నాన్న కళ్ళముందు నుంచే తిరగాలి.

నాన్నకి పాఠం చెప్పడంలో ఒక పద్ధతి ఉండేది. దానికి లైవ్ ఎగ్జాంపుల్ అని పేరు పెట్టుకున్నాడు. పాఠ్యపుస్తకంలోని ఉదాహరణలు చద్దివనీ, అలంకారాలు నేర్పాలంటే ఇంట్లోంచో వీధిలోంచో అప్పుడే పుట్టిన మాట కావాలనీ ఆయన నమ్మకం. పనికొచ్చే మాట చెవిన పడితే చాలు, జేబులోంచి బాల్‌పెన్ను తీసి ఎడమ అరచేతిలో రాసుకునేవాడు. మర్నాడు క్లాసులో అరచెయ్యి చూసుకుంటూ దాన్ని బోర్డు మీదికి ఎక్కించేవాడు. అంతవరకు ఆ చెయ్యి కడిగేవాడు కాదు. భోజనం దగ్గర కంచం పక్కన ఆ చెయ్యి నీలం రాతలతో వెల్లకిలా పడి ఉండేది. దాన్ని చూస్తూ కూర్చుంటే నాకు ముద్ద దిగేది కాదు.

అమ్మమ్మ రాకముందు ఆ రాతల్లో పెద్ద విశేషం ఉండేది కాదు. పక్కింటి లారీ డ్రైవరు భార్యతో పడే గొడవ అతిశయోక్తికి, అంటే హైపర్‌బోలీకి పనికొచ్చేది. పాలాయన సైకిలు కిర్రుమనడం చప్పుడునే మాటగా పలికించే ఒనొమాటోపియాకి పనికొచ్చేది. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. తనిఖీకి వచ్చిన అధికారి వెనక బెంచీలో కూర్చుని ఒక పాఠం మొత్తం విని, ఇలాంటి మాస్టారు దొరకడం ఈ పిల్లల అదృష్టమని పుస్తకంలో రాసి వెళ్ళాడు. అప్పటినుంచి నాన్నని పట్టడం కష్టమైపోయింది.

అమ్మమ్మ రాగానే ఆయన పంట పండింది. జబ్బు ఆవిడ ఒంటిని పడగొట్టింది కాని నాలుక జోలికి పోలేదు. మాట కొంచెం ముద్దగా వచ్చేది, అంతే. "నా కాలు నా దగ్గర లేదే, ఎవరో అద్దెకి తీసుకున్నట్టున్నారు" అనేది. ఫ్యాను వంక చూసి, ఈ పిల్లకి పొద్దస్తమానం తిరగడం తప్ప ఇంకో పని చేతకాదని విసుక్కునేది. నాన్న బడినుంచి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా కుర్చీ లాక్కుని ఆవిడ మంచం పక్కన చేరేవాడు.

అమ్మమ్మ మురిసిపోయేది. జన్మలో ఆవిడ మాట అంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు. తాతయ్యకి చెవుడు లేదు గాని, ఆవిడ నోరు తెరిస్తే మాత్రం వినపడేది కాదట. అల్లుడుగారు వచ్చే వేళకి నాచేత తల దువ్వించుకునేది. పెట్టెలోంచి మంచి శాలువా తీయించి కప్పించుకునేది. మధ్యాహ్నమంతా ఏం చెప్పాలో కూడబెట్టుకునేది కాబోలు, ఆయన కూర్చోగానే మొదలుపెట్టేది. ఆయన అరచేతిలో రాసుకుంటుంటే, చూశావా, మీ నాన్న ఎంత పెద్ద చదువు చదివినా నా మాట మర్చిపోకూడదని రాసుకుంటున్నారని నాతో గర్వంగా చెప్పేది. నేను చెంబు తీసుకుని దొడ్లోకి పోయేదాన్ని.

ప్రాణం లేనిదాన్ని మనిషిలా చెప్పే పర్సానిఫికేషన్ పాఠం రోజు అమ్మమ్మ కాలు బోర్డు మీదికెక్కింది. ఐరనీకి, పళ్ళు లేని ఆవిడకి మావయ్య గట్టి బిస్కెట్లు తెచ్చిన సంగతి వచ్చింది. ఆ వారం పదజాలంలో ముసలితనానికి ఎన్ని ఇంగ్లీషు మాటలున్నాయో అన్నీ వచ్చాయి. ఫ్రెయిల్, విథర్డ్, డిక్రెపిట్. ఒక్కోదానికి ఒక్కో వాక్యం, ప్రతి వాక్యం మొదట్లో 'ముసలావిడ'. ఎవరి పేరూ చెప్పేవాడు కాదు. చెప్పాల్సిన అవసరమేముంది? ఆ ముసలావిడ ఎవరింట్లో ఉందో క్లాసులో ప్రతి పిల్లకీ తెలుసు. యూనిఫారం కొలతలకి వచ్చినప్పుడల్లా మధ్యగది గుమ్మంలోంచి మెడలు సాచి చూసిపోయేవాళ్ళు.

అన్నిటికంటె ఘోరం ఇమేజరీ పాఠం. పాఠకుడికి కనపడాలి, వినపడాలి, వాసన రావాలి అన్నాడు నాన్న. జబ్బుమనిషి గది తలుపు తీయగానే ఏం వాసన వస్తుందో చెప్పండని అడిగాడు. అప్పటికి అమ్మమ్మ నడుం కింద పడకపుండు లేచి ఉంది. మందు వాసన, తడిసిన పక్కబట్ట వాసన, చీము వాసన అని మూడూ తనే రాశాడు. నాలుగోది మీరు చెప్పండన్నాడు. మూడో బెంచీలోంచి ఒక పిల్ల లేచి, చచ్చిన ఎలుక అంది. వెరీ గుడ్ అని నాన్న దాన్నీ రాశాడు. నా వెనక కూర్చున్న అమ్మాయి ముందుకి వంగి నా భుజం దగ్గర చొక్కా వాసన చూసింది. ఆ అమ్మాయి మీద కాదు నాకు అసహ్యం. చాక్‌పీసు పట్టుకుని తృప్తిగా నవ్వుతున్న మనిషి మీద.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ అడిగేశాను. అమ్మమ్మ సంగతులు క్లాసులో చెప్పొద్దన్నాను.

"పేరు చెప్పానా?" అన్నాడు.

"అందరికీ తెలుసు నాన్నా."

"సాహిత్యంలో మీ అమ్మమ్మ, మా అమ్మమ్మ అని ఉండదమ్మా. నువ్వు పాఠం వినేటప్పుడు మనవరాలివి కాదు, పాఠకురాలివి. అది నేర్చుకో."

ఆ మాట ఆయనకే నచ్చినట్టుంది. నడుస్తూనే పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాడు.

ఇంట్లో అమ్మకి ఇవేవీ తెలియవు. ఆయన తన తల్లి దగ్గర రోజూ కూర్చుంటున్నందుకు ఆవిడ ఎంత సంబరపడేదో నేను చూస్తున్నాను. మా ఆయనకి కోపమే గాని మనసు మంచిదని పక్కింటావిడతో చెప్పుకుంటుంటే, అది విని కూడా నోరు మూసుకోవాల్సి వచ్చింది. నేను చెబితే అమ్మకి ఆ కాస్త సంతోషమూ పోతుంది. చెప్పకపోతే రేపు ఇంకేం బోర్డెక్కుతుందో తెలియదు. ఏం చేయాలో తేల్చుకునేలోపే మా క్లాసు లీడరు వచ్చి తేల్చేసింది.

స్కర్టు అంచు పొడుగైందని సరిచేయించుకోడానికి వచ్చిందా పిల్ల. మంచి పిల్లే, పాపం, కల్మషం లేనిది. అమ్మ నోట్లో గుండుసూదులు పట్టుకుని నేలమీద మోకాళ్ళేసుకుని అంచు మడుస్తోంది. ఆ పిల్ల పైనుంచి మర్యాదగా అడిగింది.

"ఆంటీ, అమ్మమ్మగారి పుండు తగ్గిందా? ఇప్పుడు కూడా అలాగే వాసనొస్తోందా?"

అమ్మ తలెత్తింది. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది. పుండు సంగతి నీకెవరు చెప్పారని నెమ్మదిగా అడిగింది. ఆ పిల్ల ఉత్సాహంగా మొదలుపెట్టింది. ఎండుకొమ్మ చెయ్యి, అద్దెకిచ్చిన కాలు, బిస్కెట్లు, నాలుగు వాసనలు. సార్ ఎంత బాగా చెప్తారో ఆంటీ, పరీక్షలో ఒక్కటి కూడా మర్చిపోము అంది. అమ్మ అంతా విన్నది. తరువాత మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకుని అంచు మొత్తం మడిచి, కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చి పంపింది.

నాన్న వచ్చి యథాప్రకారం కుర్చీ లాగబోతే అమ్మ అడ్డం నిలబడింది.

"మా అమ్మ ఒంటివాసన బోర్డు మీద రాశారట."

నాన్న కంగారు పడలేదు. అమ్మకి ఇమేజరీ అంటే ఏమిటో క్లాసులో చెప్పే గొంతుతోనే వివరించాడు. పల్లెత్తు మాట చెడ్డగా అనలేదన్నాడు. రేపు ఆవిడ పోయినా ఆవిడ మాట బతికుంటుందని, అందుకు సంతోషించాలన్నాడు. తను ఒక ఇంగ్లీషు కథ రాస్తున్నాననీ, పెద్ద పెద్ద క్లాసిక్ కథల పక్కన నిలబడే కథ అవుతుందనీ, అందులో ముఖ్యపాత్ర ఎవరనుకుంటున్నావనీ ఊరించాడు.

"ఇకనుంచి మీరు ఆ గదిలోకి రాకండి" అంది అమ్మ.

"నా ఇంట్లో నేను ఏ గదిలోకి పోవాలో నువ్వు చెప్పాలా?"

"పుండు కడగడానికైతే రండి."

ఆ పనికి ఆయన వెళ్ళలేదు. కుర్చీ మాత్రం మధ్యగదిలో వెనకగది గుమ్మం పక్కకి జరుపుకున్నాడు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు ఒళ్ళో పెట్టుకుని చెవి గుమ్మానికి అప్పగించేవాడు. అమ్మ గుమ్మానికి దుప్పటి కట్టింది. దుప్పటికి చూపు ఆగుతుంది గాని మాట ఆగదు. దాంతో అమ్మ కుట్టుమిషనుని వెనకగదిలోకి మార్పించేసింది. అమ్మమ్మ నోరు విప్పగానే అమ్మ కాలు మిషను తొక్కుడు మీద పడేది. గుడ్డ ఉన్నా లేకపోయినా చక్రం తిరిగేది. ఆ గడగడలో తల్లి నోటి దగ్గర చెవి పెట్టి వినేది. గుమ్మం ఇవతల ఆ అల్లుడుగారికి మిషను చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. అంత చదివిన మనిషి గుమ్మం పక్కన దొంగపిల్లిలా కూర్చుని మెడ సాచడం చూస్తే నాకు రోత పుట్టేది. ఆయన కూతుర్ని అని చెప్పుకోడానికి సిగ్గేసేది.

అమ్మమ్మకి మాత్రం ఇది అర్థం కాలేదు. అల్లుడుగారు రావడం లేదేమే, నేనేమన్నా తప్పు మాట్లాడానా అని నన్ను అడిగేది. బళ్ళో పని ఎక్కువైందని అమ్మ చెప్పమన్న అబద్ధం చెప్పేదాన్ని. కొన్నాళ్ళు ఆ వేళకి తల దువ్వించుకుంటూనే ఉంది. తరువాత ఎందుకులేవే అనేసింది. శాలువా మళ్ళీ పెట్టెలోకి పోయింది. అది తలచుకుంటే నాన్న మీద నా కసి రెట్టింపవుతుంది. ఆయన రావడమూ ఆవిడకి అన్యాయమే, రాకపోవడమూ అన్యాయమే అయింది.

బళ్ళో అప్పుడు క్లాసిక్ కథలు నడుస్తున్నాయి. గొప్ప కథకి ఎత్తుగడ కాదు, ముగింపు ముఖ్యమని నాన్న చెప్పేవాడు. సముద్రం ఒడ్డున దీపస్తంభం కాపలావాడి భార్య కథ మా పాఠం. ఆవిడ చనిపోయే ముందు అనే ఒక్క వాక్యం కోసమే రచయిత ఆ కథంతా రాశాడని చెప్పాడు. ఆ వాక్యం తీసేస్తే మిగిలింది ఉత్త శవమే అన్నాడు. ఆయన చూపు ఎక్కడుందో నాకు తెలుసు. ఆయన కథ ముగింపు దగ్గర ఆగిపోయి ఉంది. ఉపాధ్యాయుల కథల పోటీకి నెలాఖరు గడువు. గెలిచిన కథని బడి వార్షిక సంచికలో వేస్తారు, మా తరగతికి పాఠంగా పెట్టే ఆలోచన కూడా ఉందట.

ఆ రోజుల్లోనే డాక్టరు ఇంటికొచ్చి అమ్మమ్మని చూసి వెళుతుంటే నాన్న గొడుగు పట్టుకుని వీధి గుమ్మం దాకా సాగనంపాడు. నేను మందుచీటీలో ఒక మందు పేరు అర్థంకాక అడగడానికి వెనకే వెళ్ళాను. ఈ నెల దాటుతుందంటారా అని నాన్న అడుగుతున్నాడు. డాక్టరు ఆయన భుజం తట్టి, ధైర్యంగా ఉండండి మాస్టారూ, జాగ్రత్తగా చూసుకుంటే ఇంకో రెండు నెలలు కూడా ఉండొచ్చు అన్నాడు. నాన్న ముఖం వాడిపోయింది. దుఃఖమనుకున్నాడు ఆ డాక్టరు. నాకు ఆ గొడుగు లాక్కుని ఆయన్ని వానలో నిలబెట్టాలనిపించింది.

అమ్మమ్మ నెల దాటలేదు. ఒక మధ్యాహ్నం లెక్కల క్లాసులో ఉండగా పక్కింటావిడ మనిషిని పంపింది. నాన్నా నేనూ వెళ్ళేసరికి అమ్మ తల్లి తల ఒళ్ళో పెట్టుకుని దువ్వుతోంది. పెట్టెలోని శాలువా బయటికి తీసి కప్పి ఉంది. అమ్మ ఏడవడం లేదు. నేను మంచం కోడు పట్టుకుని ఏడ్చాను. నాన్న కూడా కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు, అది కాదనను.

మావయ్యకి కబురు వెళ్ళింది. ఇరుగుపొరుగు చేరారు. అమ్మ లేచి, అమ్మమ్మకి గంజి పట్టే గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. నాన్న వెనకే వెళ్ళాడు. నేను మంచినీళ్ళ కోసం వెళ్ళి గుమ్మంలో ఆగిపోయాను. నాన్న అమ్మ భుజం మీద చెయ్యి వేశాడు. ఓదారుస్తున్నాడనుకున్నాను.

"పోయేముందు ఏమన్నా అందా?" అన్నాడు.

అమ్మ గిన్నె తోముతూనే ఉంది.

"నీళ్ళడిగింది."

"అంతేనా?"

"అంతే."

"ఎలా అడిగింది? మాట ఏమిటి?"

"నీళ్ళు అని అడిగింది. నీళ్ళు కావాలంటే ఎవరైనా ఏమంటారు?"

నాన్న అక్కడే నిలబడ్డాడు. రెండో చెయ్యి జేబు దగ్గరుంది, పెన్ను సగం బయటికొచ్చి ఉంది. ఆయన ముఖంలో ఉన్నది కోపం కాదు, బాధ కాదు, దగా పడ్డవాడి ముఖం. పెన్ను లోపలికి తోసుకుని వెళ్ళిపోయాడు. నేను మంచినీళ్ళు ముంచుకోకుండానే దొడ్లోకి పోయాను. అత్తగారి ఒళ్ళు ఇంకా చల్లారకుండా ఆ మాట అడిగిన మనిషి చేతికిందే నేను పెరిగాను, ఆయన తెచ్చిన తిండే తిన్నాను.

కథ గడువు లోపలే వెళ్ళింది. గెలిచింది కూడా. వార్షిక సంచికలో మొదటి పేజీలోనే వేశారు. అమ్మమ్మ కాలు, ఫ్యాను, బిస్కెట్లు, వాసనలు అన్నీ ఉన్నాయి. కూతురి పాత్ర కూడా ఉంది, చదువురాని మొద్దు, తల్లి మాటల్లో అందం పట్టుకోలేనిది. చివర్లో ముసలావిడ కూతురి చెయ్యి పట్టుకుని, 'తల్లీ, నేనొక పడవని. ఒడ్డు నన్ను పిలుస్తోంది' అని కన్నుమూస్తుంది. అమ్మమ్మ పుట్టి బుద్ధెరిగి పడవెక్కలేదు. ప్రార్థన సమయంలో హెడ్‌మిస్ట్రెస్ ఆ భాగం పైకి చదివి కళ్ళు ఒత్తుకుంది. టీచర్లు వరసగా వచ్చి నా తల నిమిరారు. అంత గొప్ప మాట అన్న అమ్మమ్మకి మనవరాలివి అన్నారు. వాళ్ళ చేతులన్నీ విదిలించి పారేయాలనిపించింది.

అర్ధసంవత్సర పరీక్షలో ఇంగ్లీషు పేపరు నాన్నే తయారుచేశాడు. ఆఖరి ప్రశ్న ఆ కథ మీదే. ముసలావిడ చివరి మాటల్లో ఉన్న అలంకారాలేవి, అవి కథకి ఇచ్చే ఫలితమేమిటో వివరించండి. నాలుగు మార్కులు. పడవ మెటఫర్, ఒడ్డు పిలవడం పర్సానిఫికేషన్. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. చుట్టూ అందరూ గబగబా రాసుకుపోతున్నారు. నేను ఇంగ్లీషులో రెండే వాక్యాలు రాశాను. ఆమె నీళ్ళడిగింది, అందులో ఏ అలంకారమూ లేదు. పేపరు కట్టి ఇచ్చేసి బయటికొచ్చాను.

పేపర్లు దిద్ది ఇచ్చిన రోజు నాన్న నా వంక చూడలేదు. నా జవాబు కింద ఎర్రసిరాతో 'ఇది పాఠంలో లేదు' అని రాసి సున్నా చుట్టాడు. అక్షరం వంకర పోలేదు. సున్నా గుండ్రంగా ఉంది.

పేపరు మీద ఇంట్లోవాళ్ళ సంతకం కావాలి. తను దిద్దిన పేపరు మీద తనే సంతకం పెట్టడం పద్ధతి కాదని నాన్న మొదటినుంచీ అమ్మచేతే పెట్టించేవాడు. అలాంటి నియమాలకేం తక్కువ లేదు ఆయనకి. పేపరు తీసుకుని వెనకగదిలోకి వెళ్ళాను. మిషను అక్కడే ఉండిపోయింది. అమ్మ పక్క కూడా ఇప్పుడు అక్కడే. నాన్నతో ఆవిడ భోజనానికి రండి, తలుపేసుకోండి, ఇంత మాత్రమే అంటుంది. అందులో రాసుకోడానికి ఏమీ దొరకదు.

"ఈ సున్నా ఏమిటే?" అని అడిగింది అమ్మ.

ప్రశ్న తెలుగులో చెప్పాను. పడవ సంగతీ ఒడ్డు సంగతీ చెప్పాను. అమ్మ మొదటిసారి విన్నది వాటిని. కథలో తను ఏమైందో మాత్రం చెప్పలేదు. అమ్మమ్మ నీళ్ళడిగిందని రాశానని, అందుకు సున్నా వచ్చిందని చెప్పాను.

అమ్మ పేపరు మిషను బల్ల మీద పరిచి నెమ్మదిగా, ఎప్పుడూ పెట్టే సంతకమే పెట్టింది. పెన్ను నాకిచ్చి, దారం తెగి ఉంటే సూదికి ఎక్కించుకుంటూ అంది.

"నీళ్ళు కూడా అడగలేదే."

అమ్మ సూది బెజ్జం వంకే చూస్తోంది. అమ్మమ్మ అసలేమందో అడిగితే చెప్పేదే, ఆ సంగతి నాకు తెలుసు. గుమ్మానికి అవతల కుర్చీ కిర్రుమంది.

నేను అడగలేదు. పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాను. అమ్మ మిషను తొక్కడం మొదలుపెట్టింది.